కటకట పోయింది, బండి తేలింది: ఒక హ్యాచ్‌బ్యాక్ కేసు

చెన్నై మాధవరంలో ఉన్న నా షెడ్డుకు ఈ కారు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి 2024 సెప్టెంబరులో, ముందు వైపు కటకటమని సౌండ్ వస్తోందని. రెండోసారి నవంబరులో, తడ దగ్గర వానలో నీళ్ల మీద తేలి డివైడర్ దాకా జారిన మర్నాడు. మొదటిసారి నేను సౌండ్ పోగొట్టి, డబ్బులు తీసుకుని పంపించేశాను. కారు జారడానికి కావలసిన సరంజామా అంతా ఆ రోజే నా కళ్ల ముందు ఉంది. చూడలేదు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి, నాకే చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉన్న కేసు ఇది.

బండి 2019 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 52 వేల కిలోమీటర్లు తిరిగింది. టైర్లు 185/65 ఆర్15. ఏబీఎస్ ఉంది, బండి అడ్డం తిరగకుండా పట్టుకునే ఈఎస్‌సీ లేదు. ఓనరు మా నెల్లూరు వైపు మనిషే. పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్)లో ఉద్యోగం, కొళత్తూరులో కాపురం. ఊళ్లో అమ్మగారు ఒక్కరే ఉంటారు కాబట్టి నెలకు రెండుసార్లు భార్యాపిల్లలతో ఎన్‌హెచ్ 16 మీద వెళ్లొస్తారు.

నా దగ్గరికి వచ్చేసరికే సౌండ్ మీద ఒక ఖర్చు అయిపోయింది. జూన్‌లో ఇంటికి దగ్గరున్న ఒక వర్క్‌షాపులో చూపిస్తే ముందు షాకబ్జార్బర్లు రెండూ పోయాయన్నారట. మార్చారు, 11,500 తీసుకున్నారు. రెండు రోజులు బాగుందనిపించింది, మూడో రోజు మళ్లీ మొదలు. కొత్త షాకులు బిర్రుగా ఉంటాయి కాబట్టి సౌండ్ నిజంగానే కాస్త అణిగి ఉండొచ్చు. లేదా అంత డబ్బు పెట్టాక చెవికి అలా వినపడి ఉండొచ్చు.

ఇలాంటి కేసుల్లో నేను ముందు బానెట్ ఎత్తను, కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. సార్‌ను అడిగితే "ముందు ఎడమ వైపు అన్నా, గతుకుల్లో" అన్నారు. అది అందరూ చెప్పేదే. పక్కన కూర్చున్న ఆయన భార్య మాత్రం అసలు మాట చెప్పింది. "ఫ్లైఓవర్ మీద జాయింట్లు వస్తాయి కదన్నా, అక్కడ ధన్‌మంటుంది కానీ కటకట రాదు. మా వీధిలోకి తిరగ్గానే మొదలవుతుంది. మెట్రో వాటర్ వాళ్లు తవ్వి పూడ్చారు కదా, అక్కడ."

ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. ఫ్లైఓవర్ జాయింట్ రోడ్డుకు అడ్డంగా ఉంటుంది, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కి ఒకేసారి దిగుతాయి. తవ్వి పూడ్చిన వీధిలో ఒక చక్రం గుంటలో ఉంటే ఇంకోటి గట్టు మీద ఉంటుంది. ఈ రెండింటికీ తేడా తెలిసే పార్టు ముందు సస్పెన్షన్‌లో ఒకటే, రెండు చక్రాలనూ కలిపే కడ్డీ, స్టెబిలైజర్ బార్. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ కడ్డీ తన బుష్‌ల్లో ఊరికే తిరుగుతుంది, దాని మీద లోడు పడదు. ఒక చక్రమే లేస్తే కడ్డీ మెలిపడుతుంది. ఆ మెలి బలమంతా చివర ఉన్న లింక్ రాడ్ల మీద పడుతుంది. లింకు చివర చిన్న బాల్ జాయింట్ ఉంటుంది. దాని రబ్బరు బూటు చిరిగితే లోపలికి నీళ్లు, ఇసుక వెళ్లి జాయింట్ వదులవుతుంది. ఇక చిన్న గతుక్కి కూడా రేకు డబ్బాలో గోళీ వేసి ఊపినట్టు కటకటమంటుంది. షాకబ్జార్బర్ పోతే ఇలా ఉండదు. బండి ఊగుతుంది, నూనె కారుతుంది, సౌండ్ వచ్చినా దబ్‌మని మొద్దుగా వస్తుంది.

మిగతావి త్వరగా కొట్టేశాం. మెల్లగా పోతూ బ్రేకు మీద కాలు ఆనిస్తే సౌండ్ ఆగలేదు కాబట్టి బ్రేక్ ప్యాడ్లు కాదు. నిలబెట్టి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే టకటకలు లేవు, స్ట్రట్‌ను (స్ప్రింగు, షాకబ్జార్బర్ కలిసిన కాలును) పైన పట్టే మౌంట్ బాగానే ఉంది. ఇంజన్ రేజ్ చేస్తే గర్రుమనలేదు, సైలెన్సర్ మీది హీట్ షీల్డ్ కాదు. డ్యాష్‌బోర్డు పెట్టెలో ఒక స్టీలు చెంచా దొరికింది, దాని సౌండ్ దానిదే.

జూన్‌లో చూసినవాళ్లకు లింకు ఎందుకు దొరకలేదో చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు చాలా షెడ్లలో చూస్తుంటాను. వాళ్లు ఎడమ వైపు మాత్రమే జాకీ వేసి, లింకును పట్టుకుని ఊపి చూసి, గట్టిగానే ఉందన్నారట. ఒక వైపే లేపితే రెండు చక్రాలూ వేరు వేరు ఎత్తుల్లో ఉంటాయి, బార్ మెలిపడుతుంది, లింకు లాగి పట్టినట్టు బిగిసిపోతుంది. ఎంత లూజున్నా చేతికి తెలియదు. లిఫ్ట్ మీద రెండు వైపులా సమానంగా ఎత్తాలి, లేదా నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి కింద దూరాలి. నేను లిఫ్ట్ మీద ఎత్తి లింకు పట్టుకుని ఒక్కసారి గుంజాను. కటక్. సార్ అక్కడే నిలబడి ఉన్నారు, ఆయన మొహం చూడాలి ఆ క్షణంలో.

స్పేర్ పార్టుల షాపులుండే జీపీ రోడ్డు నుంచి రెండు లింకులు తెప్పించాను, 1,900. ఒక వైపే పోయినా రెండూ మారుస్తాను, ఒకే వయసు పార్టులు కాబట్టి. నట్టు బిగించేటప్పుడు లోపలి స్టడ్‌ను అలెన్ కీతో పట్టుకోవాలి. ఊరికే గన్ పెట్టి కొడితే స్టడ్ కూడా తిరిగి కొత్త బూటు మెలిపడి చిరుగుతుంది, ఆరు నెలల్లో మళ్లీ అదే సౌండ్. ఆ సాయంత్రం తవ్విన వీధుల్లోనే తిప్పి చూశాం. నిశ్శబ్దం. వాళ్ల పాప వెనక సీట్లో నిద్రపోయింది.

ఇక్కడిదాకా మంచి కేసే.

లింకు మార్చాలంటే చక్రం ఊడదియ్యాలి. మా కుర్రాడు ఊడదీసి, ఎప్పటిలాగే బయటి ముఖం పైకి ఉండేలా గోడ పక్కన పడుకోబెట్టాడు. అలా పెడితే కళ్లకు కనిపించేది బయటి అంచు, అక్కడ టైరు మీది రబ్బరు బటన్లు నిండుగా ఉన్నాయి. నేను ఆ చక్రాల పక్కనే గంటసేపు కూర్చున్నాను. గాలి కూడా చూడలేదు. సౌండ్ కోసం వచ్చిన బండి కదా.

అక్టోబరు మధ్యలో వాన హెచ్చరిక వచ్చి, జనం తమ కార్లు మునగకుండా వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టుకున్నారు, పేపర్లన్నీ ఆ ఫొటోలే. మోకాలి లోతు నీళ్లంటే మా ఊళ్లో అందరికీ భయమే, 2015 వరదలు చూసినవాళ్లం. టైరు కింద వేలి మందం కూడా లేని నీళ్ల గురించి మాత్రం నా దగ్గరికొచ్చి ఒక్కరూ అడగలేదు.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. "అన్నా, బండి తిరిగిపోయింది." గొంతు వణుకుతోంది. ఎవరికీ ఏమీ కాలేదని ముందు తెలుసుకుని, తర్వాత మెల్లగా చెప్పించుకున్నాను. ఆరంబాక్కం దాటి తడ వైపు పోతున్నారు. వాన బాగా పడుతోంది. లారీని దాటడానికి కుడి లేన్‌లోకి వచ్చారు. మీటరు మీద 85కి కొంచెం పైన. డివైడర్ పక్కన నీళ్లు నిలిచి ఉన్నాయి. ఒక్కసారిగా స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది, ఇంజన్ రేజ్ అయింది, చక్రాలు గాల్లో తిరుగుతున్నట్టు. ఆయన గట్టిగా బ్రేకు తొక్కారు. ముందు చక్రాలకు మళ్లీ పట్టు దొరికిన క్షణంలో వెనక భాగం ఎడమకు కొట్టుకుపోయి, బండి అడ్డం తిరిగి డివైడర్‌కు ఒక జానెడు దూరంలో ఆగింది. వెనక వస్తున్న లారీ డ్రైవరు దూరం పాటించాడు కాబట్టి సరిపోయింది.

"మీరు సస్పెన్షన్ చేశాక ఇలా అయింది" అని ఆయన అనలేదు. అన్నా నేను ఏమీ అనగలిగేవాణ్ణి కాదు. అరవై దాటకుండా వెనక్కి వచ్చేయమన్నాను.

మర్నాడు బండి చల్లగా ఉండగానే మొదట గాలి చూశాను. ముందు 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), వెనక 24. డ్రైవర్ డోర్ పక్కన అంటించిన స్టిక్కర్ మీద 33 ఉంది. ట్యూబ్‌లెస్ టైర్లలో నెలకు ఒకటి రెండు పీఎస్ఐ దిగడం మామూలే, కానీ నాలుగూ ఒకేలా ఇంత దిగవు. ఎవరో కావాలనే తగ్గించినట్టుంది. అడిగితే సార్ నవ్వలేక నవ్వారు. షాకులు మార్చినా సౌండ్ పోలేదని జూలైలో ఒక పంచర్ షాపులో చెప్పుకుంటే, అక్కడి అబ్బాయి "కాత్తు కమ్మి పణ్ణా సౌండు పోయిడుం సార్" అన్నాడట, గాలి తగ్గిస్తే సౌండ్ పోతుందని. నిజంగానే కొంచెం తగ్గింది. మెత్తటి టైరు చిన్న గతుకుల్ని తనే మింగేస్తుంది, లింకు దాకా దెబ్బ వెళ్లదు. అప్పటినుంచి గాలి కొట్టించినప్పుడల్లా ఆయనే 25 అని చెప్పి కొట్టించుకుంటున్నారు. నేను లింకు మార్చాక కూడా.

తర్వాత చక్రాలు ఊడదీయించి, ఈసారి నిలబెట్టి, అరచెయ్యి లోపలి అంచు మీదికి పోనిచ్చాను. అక్కడ బటన్ లేదు. గేజ్ పెట్టి కొలిచాం. ముందు ఎడమ టైరు బయటి అంచు 4.6 మిల్లీమీటర్లు, మధ్య 5, లోపలి అంచు 1.3. ముందు కుడిది లోపల 2.1. మన నిబంధనల ప్రకారం కారు టైరుకు గాడి లోతు కనీసం 1.6 ఉండాలి. గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న గట్లు అందుకే, టైరు వాటితో సమానంగా అరిగితే దాని పని అయిపోయినట్టు. ఆ ఎడమ టైరులో బయటి గాడిలో గట్టు లోతుగా కనిపిస్తోంది, లోపలి వైపు గట్టు, టైరు ఒకటైపోయాయి. ఒకే టైరు, ఒక వైపు కొత్తది, ఒక వైపు బోడిది.

వెనక టైర్లది వేరే కథ. అంచు మీద అచ్చు 3119, అంటే 2019లో 31వ వారంలో తయారైనవి, బండితో వచ్చినవే. లోతు 2.3, చట్టం ప్రకారం పాసే. కానీ గోటితో నొక్కితే గోరు దిగదు, గాడుల అడుగున సన్నటి పగుళ్లు. ఐదేళ్ల ఎండకు రబ్బరు గట్టిపడి బిళ్లలా అయింది. 2023లో రెండు కొత్త టైర్లు కొన్నప్పుడు షాపువాళ్లు వాటిని ముందు వేసి, పాతవి వెనక్కి పంపారట. అందరూ అదే చేస్తారు, నేను కూడా చాలా ఏళ్లు అదే చేశాను. ఇంజన్ లాగేదీ స్టీరింగ్ తిప్పేదీ ముందు చక్రాలే కదా అని. తడి రోడ్డు మీద ఆ లెక్క తప్పుతుంది. ముందు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు ఎత్తితే మళ్లీ దారికి వస్తుంది. వెనక జారితే బండి చుట్టూ తిరుగుతుంది, దాన్ని మామూలు డ్రైవరు పట్టుకోలేడు. రెండే కొంటే కొత్తవి వెనకే వెయ్యాలి.

సార్‌కు ఒక అనుమానం, "ఏబీఎస్ ఉంది కదన్నా, మరి?" అని. ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుందే తప్ప, రోడ్డును తాకని చక్రానికి అదేం చేయగలదు? కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాను. టైరు రోడ్డును తాకే చోటు వెడల్పు 15 సెంటీమీటర్లనుకోండి. 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. దారిలో 3 మిల్లీమీటర్ల నీళ్లుంటే ఒక్కో ముందు టైరు సెకనుకు దాదాపు 10 లీటర్లు, అంటే అర బకెట్టు నీళ్లు పక్కకు తొయ్యాలి. ఆ నీళ్లు పోయే కాలవలే గాడులు. కాలవ పూడిపోతే నీళ్లు టైరు ముందు పోగై, ఉలిలా దాని కిందికి దూరతాయి.

గాలి సంగతి దీనికి తోడు. 1963లో అమెరికాలో నాసా వాళ్లు విమాన టైర్ల మీద చేసిన పరీక్షల నుంచి ఒక మోటు లెక్క వచ్చింది. టైరులోని గాలి పీఎస్ఐకి వర్గమూలం తీసి 10.35తో హెచ్చవేస్తే టైరు పూర్తిగా తేలే వేగం మైళ్లలో వస్తుంది. కిలోమీటర్లలో కావాలంటే 16.65తో హెచ్చవెయ్యాలి. 33 ఉంటే సుమారు 95. 25 ఉంటే 83. సార్ మీటరు 85 దాటి ఉంది. దీన్ని కారుకు అక్షరాలా అతికించకూడదు. టైరు వెడల్పు, గాడులు, నీళ్ల లోతు అన్నీ దాన్ని అటూ ఇటూ చేస్తాయి. కానీ దిశ మాత్రం తప్పదు, గాలి తగ్గితే తేలే వేగమూ తగ్గుతుంది. మెత్తటి టైరు మధ్యభాగం నీటి ఒత్తిడికి లోపలికి గుంటపడుతుంది, నీళ్లు పక్కలకు పోకుండా అక్కడే చిక్కుకుంటాయి. కాగితం చూసి సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే సౌండ్ కోసం నేనే..." అని ఆగిపోయారు.

ఆయన ఒక్కడే కాదు. లోపలి అంచులు ఎందుకు అరిగాయో చూడటానికి ఎలైన్‌మెంట్ మెషీన్ మీద పెట్టించాం. ఎడమ చక్రం తల లోపలికి ఒకటిన్నర డిగ్రీ వాలి ఉంది, కుడిది అర డిగ్రీ. రెండు చక్రాల ముక్కులూ బయటి వైపు చూస్తున్నాయి. జూన్‌లో షాకులు మార్చినప్పుడు స్ట్రట్‌ను నకిల్‌కు (చక్రాన్ని మోసే ఇనుప ముక్కకు) పట్టే రెండు బోల్టులు విప్పి బిగించి ఉంటారు. ఆ రంధ్రాల్లో ఉండే కొద్దిపాటి ఆటకే చక్రం తల వాలు, అంటే క్యాంబర్ మారిపోతుంది, దాంతో ముక్కు చూసే దిశ, అంటే టో కూడా మారుతుంది. స్ట్రట్ విప్పితే ఎలైన్‌మెంట్ తప్పనిసరి. వాళ్లు చెయ్యలేదు, బిల్లులో లేదు. ఐదు నెలలు, సుమారు ఆరున్నర వేల కిలోమీటర్లు టైరు పక్కకు రాసుకుంటూ తిరిగింది. మరి బండి ఒక వైపు లాగాలి కదా అంటారేమో. ఎడమ క్యాంబర్ తేడాకు బండి కుడికి లాగాలి. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమ అంచుకు వాలుగా ఉంటాయి, ఆ వాలు ఎడమకు లాగుతుంది. ఒకదానికొకటి చెల్లిపోయి, స్టీరింగ్ వదిలినా బండి తిన్నగానే పోతోంది. సార్ అది చూసి, ఎలైన్‌మెంట్ బ్రహ్మాండంగా ఉందనుకున్నారు.

అసలు పోయింది జత 1,900 రూపాయలు చేసే లింకుల్లో ఒకటి. దాన్ని వెతకకుండా షాకులు మార్చడంతో టైరు లోపలి అంచు పోయింది. సౌండ్ అణచడానికి గాలి తీస్తే టైరు గుంటపడింది. చివర్లో నేను నిజంగానే సౌండ్ పోగొట్టాను, దాంతో సార్‌కు బండి మీద నమ్మకం కుదిరి, వానలో కూడా లారీని దాటే ధైర్యం వచ్చింది. ఆ కటకట ఉన్నన్నాళ్లూ ఆయన హైవే మీద డెబ్బై దాటేవారు కాదని ఆయన భార్యే చెప్పింది.

చేసిన పని చిన్నదే. ఎడమ స్ట్రట్ బోల్టులు వదులు చేసి, చక్రం తల బయటికి లాగి పట్టుకుని, టార్క్ రెంచ్‌తో బిగించి, క్యాంబర్ రెండు వైపులా దగ్గరకు తెచ్చాం. తర్వాత స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లతో టో సరిచేశాం. టైర్ల దగ్గర బేరం నడిచింది. ముందువి రెండు మారిస్తే చాలదా అని సార్, వెనకవి ఇంకా 2.3 ఉన్నాయి కదా అని. వానలో హైవే ఎక్కే బండికి నేను 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చమంటాను, పైగా ఇవి గట్టిపడిపోయాయి. మా వాదన వింటూ నిలబడ్డ ఆయన భార్య "నాలుగూ వేసేయండన్నా" అంది. బేరం అక్కడితో అయిపోయింది. నాలుగు టైర్లకు 21 వేల చిల్లర. గాలి 33 కొట్టించి, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలని, దూరం తిరిగాక మూడు నాలుగు ఎక్కువ చూపిస్తే అది వేడికేనని, తియ్యొద్దని చెప్పాను.

నడపడం గురించి కూడా నాలుగు మాటలు చెప్పక తప్పలేదు. వానలో ముందు పోయే లారీ చక్రాలు నీళ్లు చిమ్మేసిన జాడల్లోనే, దూరం ఉంచి పోవాలి. రోడ్డు వాలు ఎడమకే ఉన్నా, డివైడర్ పక్క లేన్‌లో కొన్నిచోట్ల నీళ్లు నిలుస్తాయి. స్టీరింగ్ తేలికైందంటే బ్రేకు తొక్కకూడదు, స్టీరింగ్ తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీసి, తిన్నగా పట్టుకుని ఉండాలి. రెండు మూడు సెకన్లలో పట్టు దొరుకుతుంది. ఆ రెండు మూడు సెకన్లు ఎంత పొడుగో నాకు తెలుసన్నారు సార్.

నా షెడ్డులో కూడా ఒకటి మారింది. ఏ పని మీద వచ్చినా చక్రం ఊడితే మా కుర్రాడు ఇప్పుడు లోపలి అంచు పైకి పెట్టి పడుకోబెడతాడు. మొదటి వారం మర్చిపోతే నేనే తిరగేసేవాణ్ణి. గాలి మాత్రం బండి లోపలికి రాగానే నేనే చూస్తాను, ఆయిల్ మార్పుకు వచ్చినా సరే. కొందరు కస్టమర్లు "గాలి నిన్ననే కొట్టించాం" అని విసుక్కుంటారు. విసుక్కోనీ.

డిసెంబరులో సార్ ఊరికి వెళ్లొచ్చి, వానలోనే వెళ్లామని, అరవై ఐదు దాటలేదని ఫోన్ చేశారు. సౌండ్ ఏమైనా ఉందా అని అడిగితే ఏమీ లేదన్నారు. స్టెప్నీ మాత్రం ఇంకా 2019దే. మార్చమన్నాను. "వచ్చే నెల అన్నా" అన్నారు.